ఫ్యాక్టరీ పెర్ఫార్మెన్స్ కారా, మార్పులు చేసిన బేస్ మోడలా?

బేస్ మోడల్‌ను చౌకగా కొని, తర్వాత ఇంజిన్ శక్తి పెంచుకుంటే డబ్బు ఆదా అవుతుందన్నది కొందరు కార్ల ప్రియుల లెక్క. హ్యుందాయ్ ఐ20నే తీసుకుంటే, 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ శక్తి సుమారు 83 పీఎస్. 2021లో విడుదలైన ఎన్ లైన్‌లోని 1 లీటర్ టర్బో ఇంజిన్‌ది 120 పీఎస్. టర్బో లేని ఇంజిన్‌కు సాఫ్ట్‌వేర్ మార్చినా అదనంగా దక్కేది స్వల్పమే. టర్బో బిగిస్తే పిస్టన్లు, క్లచ్, గేర్‌బాక్స్‌పై అవి రూపొందని భారం పడుతుంది. బ్రేకులు మాత్రం పాతవే. ఎన్ లైన్‌కు గట్టి సస్పెన్షన్‌తో పాటు వెనుక చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉన్నాయి. అసలు తేడా ఇక్కడే.

ఇక చట్టం. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం, నిబంధనలకు విరుద్ధమైన ఒక్కో మార్పునకు యజమానికి రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. బీమా సంస్థకు చెప్పకుండా ఇంజిన్ మారిస్తే, ప్రమాదం జరిగాక పరిహారం విషయంలో చిక్కులు తప్పకపోవచ్చు. ఆమోదిత సీఎన్‌జీ కిట్‌కు మాత్రం చట్టం దారి ఇస్తుంది. ఆ మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించుకోవాలి.