రెండుసార్లు రాజ్యం పోయిన బిడ్డ

సఫియే ఉనువార్ ఇస్తాంబుల్ రాజమహల్లో పంతులమ్మ. 1915లో, ఒట్టోమన్ సుల్తాన్ రెషాద్ ఏలుబడిలో, కొలువులో చేరింది. అంతఃపురంలోని పిల్లలకు, వాళ్లతోపాటు పరిచారికలకూ చదువు చెప్పింది. 1924 నాటికి ఆ కొలువూ పోయింది, కొలువిచ్చిన వంశానికి సొంత దేశంలో చోటూ పోయింది. నలభై ఏళ్ల తర్వాత, 1964లో, ఆమె జ్ఞాపకాలు పుస్తకంగా వచ్చాయి. పాఠాలు, పండుగలు, పిల్లల అల్లరి చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. ముందు ఏం జరగబోతోందో ఆ పిల్లలకు తెలియదు, మనకు తెలుసు.

మేడ్చల్‌లో కూర్చుని ఆ పుస్తకం చదువుతూ నేను తలచుకున్నది ఆ వంశపు బిడ్డనే: దుర్రు షెహ్వార్‌ని.

1924 మార్చి 3న అంకారా శాసనసభ ఖలీఫా పదవిని రద్దు చేసింది. ఆ రాత్రే అధికారులు దోల్మాబాచే మహల్‌కి వచ్చారు. తెల్లారకముందే దుర్రు షెహ్వార్ తండ్రి, ఖలీఫా అబ్దుల్ మజీద్‌ని కుటుంబంతో సహా కారెక్కించి, ఊరికి దూరంగా ఉన్న చతాల్జా స్టేషన్‌కి తీసుకెళ్లారు. రైలు వచ్చేదాకా స్టేషన్ మాస్టరే ఆ కుటుంబాన్ని ఆదరించాడు. ఆయన యూదుడు. ఒకప్పుడు మావాళ్లకు నీడనిచ్చింది మీ పూర్వీకులేనని ఆయన అంటే ఖలీఫా కంట నీరు తిరిగిందని చెబుతారు. అప్పటికి దుర్రు షెహ్వార్‌కి పదేళ్లు.

ఫ్రాన్స్‌లోని నీస్‌లో తలదాచుకున్న ఆ కుటుంబానికి మన ఏడో నిజాం నెలకు 300 పౌండ్లు పంపాడు. 1931 నవంబర్ 12న అక్కడే ఆమెకు ఆయన పెద్దకొడుకు ఆజం జాతో నిఖా అయింది. పదిహేడేళ్ల వయసులో హైదరాబాద్ కోడలైంది. 1944లో తండ్రి పారిస్‌లో కన్నుమూశాడు. సొంతగడ్డ ఆరడుగుల నేల కూడా ఇవ్వలేదు. పదేళ్లు పారిస్ మసీదులోనే ఉన్న దేహాన్ని చివరికి మదీనాలో ఖననం చేశారు.

ఈలోపే, 1948 సెప్టెంబర్‌లో, మెట్టినింటి రాజ్యమూ కూలింది. మరుసటి ఏడు నిజాం సొంత భూములైన సర్ఫేఖాస్ ప్రభుత్వంలో కలిసిపోయాయి. అత్రాఫ్‌బల్దా జిల్లాలోని మా మేడ్చల్ తాలూకా అందులోదే. ఇక్కడి రైతు కట్టిన శిస్తు నేరుగా నిజాం సొంత ఖజానాకే చేరేది. ఆ ఏలుబడి పోవలసిందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ కళ్లముందే కూలిపోయిన ఆ ఆడబిడ్డ బాధ వేరు.

2006లో ఆమె లండన్‌లో పోయింది. పెద్దకొడుకు ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో, తల్లిని పదేళ్లప్పుడు వెళ్లగొట్టిన ఊళ్లోనే, ప్రాణం విడిచాడు. హైదరాబాద్ మక్కా మసీదులో సమాధి చేశారు.

ఉనువార్ పంతులమ్మ రాసింది కాబట్టి ఆ మహల్ లోపలి బతుకు మనదాకా వచ్చింది. మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లలో సర్ఫేఖాస్ రోజులు తాతల నోట విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. శిస్తు కట్టినవాళ్ల కథైనా, దేవిడీల్లో పనిచేసినవాళ్ల కథైనా సరే, మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే ఈ వారమే పక్కన కూర్చోండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.