శైతాన్ డబ్బా నుంచి ఫోర్‌కే దాకా: మా ఇంటి తస్వీర్ల తారీఖ్

కిందటి రమజాన్‌కు వారం ముందు మా అబ్బాయి హైదరాబాద్ నుంచి 55 అంగుళాల టీవీ పంపించాడు. బిగించడానికి వచ్చిన కుర్రాడు గోడకు రంధ్రాలు చేస్తూ, "భాయ్, ఇది ఫోర్‌కే. మీ నెట్ స్పీడ్ ఎంత?" అని అడిగాడు. నాకేం తెలుసు? బిల్లు కడతాను, అంతే. నలభై ఏళ్ల కింద ఇదే గోడ దగ్గర ఇంకో కుర్రాడు నిలబడి, "సాబ్, యాంటెనా ఎంత ఎత్తు కట్టమంటారు?" అని మా అబ్బాను అడిగాడు. ఆయనకూ జవాబు తెలియలేదు. సవాల్ మారింది గానీ మా ఇంటి జవాబు మాత్రం మారలేదు.

మాది కడప. మా ఇంటికి టీవీ 1985లో వచ్చింది. అంతకు పదేళ్ల ముందే, 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా దేశంలో దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు చూపించారు. సైట్ అని ఆ తజుర్బాకు పేరు. ఆరు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చేవి. కోళ్ల గూళ్లకు కట్టే తీగ జాలీలాంటి దానితో పెద్ద గొడుగు చేసి, బడి దగ్గరో పంచాయతీ దగ్గరో పెట్టి, ఊరంతా ఒకే డబ్బా ముందు కూర్చునేవారు. ఏడాది కాగానే బంద్. ఉపగ్రహం వాళ్లది, తీసుకుపోయారు. ఆ తర్వాత 1982 ఏషియన్ గేమ్స్ నాటికి దూరదర్శన్‌కు రంగులొచ్చాయి. 1984లో కొన్ని నెలల పాటు దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటర్ పెట్టుకుంటూ పోయారు. మాలాంటి ఊళ్ల ఇళ్లలోకి టీవీ వచ్చింది ఆ ఊపులోనే.

మా దాదాజాన్ దాన్ని శైతాన్ డబ్బా అనేవారు. దానివైపు వీపు పెట్టి కూర్చునేవారు. చాలా ఇళ్లలో ఈ జగడా నడిచింది, మీలో పెద్దవాళ్లకు యాద్ ఉండే ఉంటుంది. 1990లో 'ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్' మొదలయ్యాక ఆయన కుర్చీ కొద్దికొద్దిగా పక్కకు తిరిగింది. ఆ సీరియల్ వెనుక పెద్ద విషాదమే ఉంది. 1989 ఫిబ్రవరిలో మైసూరు ప్రీమియర్ స్టూడియోలో షూటింగ్ జరుగుతుండగా మంటలు లేచి అరవై మందికి పైగా చనిపోయారు. దర్శకుడు సంజయ్ ఖాన్ ఒళ్లంతా కాలి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఇది నవల ఆధారంగా తీసిన కల్పితం అని వేసుకున్నాకే దూరదర్శన్‌లో రానిచ్చారు. దాదాజాన్ ఆ అక్షరాలు పడగానే "ఝూట్!" అనేవారు, ఆ తర్వాత కథ మొత్తం చూసేవారు.

అప్పటి బొమ్మ ఎంత? మన పాల్ పద్ధతిలో తెర మీద కనిపించే గీతలు 576. ఇప్పటి భాషలో చుక్కలుగా లెక్కిస్తే సుమారు నాలుగు లక్షలు. యాంటెనా మీద కాకి వాలితే అవీ ఉండేవి కావు.

1987లో మా మామూజాన్ కువైట్ నుంచి వీసీఆర్ తెచ్చారు. కడప, రాయచోటి వైపు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు, ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి వచ్చే సామానులో సెంటు సీసాల తర్వాత అదే. నష్టమేమిటంటే వీహెచ్ఎస్ క్యాసెట్ మీద బొమ్మ టీవీ బొమ్మకన్నా మొద్దు. అడ్డంగా 240 గీతల పాటి వివరమే పట్టుకోగలదు. కానీ దాని మీద మనకు ఇఖ్తియార్ ఉండేది. ఇష్టమైనప్పుడు ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు. పాకిస్తాన్ నాటకాలు 'తన్‌హాయియాఁ', 'ధూప్ కినారే' క్యాసెట్ల మీద నకలుకు నకలై మా గల్లీ దాకా వచ్చేవి. అయిదో నకలులో మనుషుల ముఖాల మీద కళ్లూ ముక్కూ తెలిసేవి కావు, గొంతు మాత్రం ఉండేది. మా ఖాలా గొంతును బట్టే ఎవరెవరో చెప్పేవారు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు మామూజాన్ అమ్మాన్ దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి విమానంలో ఒట్టి చేతులతో ఇల్లు చేరారు. లక్షన్నర మందికి పైగా మనవాళ్లు అలాగే వచ్చారు. ఆయన పదేళ్ల కమాయీలో ఇంటికి ముందే చేరినవి ఆ వీసీఆర్, ఒక ఇస్త్రీ పెట్టె.

ఆ వీసీఆర్ వచ్చిన మరుసటి ఏడే మా ఆపా నికాహ్. వీడియో తీయించారు. దాని సంగతి చివర్లో చెబుతాను.

కేబుల్, డిష్, సీడీ, డీవీడీ, ఇవన్నీ మా ఇంట్లో వచ్చినట్టే వచ్చి పోయాయి. అసలు మలుపు వేరే చోట జరిగింది. 2012లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ఐటీయూ అల్ట్రా హై డెఫినిషన్‌కు కొలతలు ఖాయం చేసింది. అడ్డంగా 3,840, నిలువుగా 2,160 చుక్కలు. గుణిస్తే దాదాపు 83 లక్షలు. మా పాత డబ్బాకు ఇరవై రెట్లు. యూట్యూబ్ 2010లోనే ఫోర్‌కే వీడియోలు పెట్టుకోనిచ్చింది, కానీ చూసే తెరలే లేవు. 2014లో నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' రెండో సీజన్‌ను ఫోర్‌కేలో ఇచ్చింది. మన దేశానికి ఆ కంపెనీ 2016 జనవరిలో వచ్చింది, అదే ఏడు సెప్టెంబరులో జియో, డిసెంబరులో ప్రైమ్ వీడియో. మనకు తెరకన్నా ముందు చేతికి ఫోన్ వచ్చింది. తారీఖ్ మన దగ్గర తరచూ ఇలాగే తలకిందులుగా నడుస్తుంది.

ఇక్కడ ఒక హిసాబ్ చెప్పాలి, ఓపిక పట్టండి. ఫోర్‌కే సినిమాను ఏమీ కుదించకుండా పంపాలంటే సెకనుకు సుమారు 4,800 మెగాబిట్లు కావాలి. నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15. అంటే మూడు వందల భాగాల్లో ఒక్క భాగం మన ఇంటికి వస్తుంది. మిగతాది ఏమవుతుంది? వెనక గోడ కదలనప్పుడు ప్రతి ఫ్రేములో దాన్ని మళ్లీ పంపరు, కదిలిన ముఖాన్నే పంపుతారు. కన్ను పట్టించుకోని రంగు తేడాలను వదిలేస్తారు. 2013లో సిద్ధమైన హెచ్ఈవీసీ అనే కుదింపు పద్ధతి పాతదానికి కావలసిన డేటాలో దాదాపు సగంతోనే అదే నాణ్యత ఇచ్చింది, అది లేకపోతే ఇళ్లకు ఫోర్‌కే ఇంత తొందరగా వచ్చేది కాదు. లైను మందగిస్తే సర్వీసు చడీచప్పుడు లేకుండా చిన్న బొమ్మకు దిగిపోతుంది. మా రౌటర్ మేడ మీద, టీవీ కింద, మధ్యలో తాతల నాటి మందపాటి రాతి గోడ. ఇఫ్తార్ అయ్యాక ఇంట్లో నాలుగు ఫోన్లు తెరుచుకోగానే ఆ పెద్ద తెర మీద మనుషులు మైనపు బొమ్మలయ్యేవారు. ప్యాకేజీ మీద ఫోర్‌కే అని ఉంటుంది, డబ్బూ ఫోర్‌కేకే కడతాం. ఆఖరికి తీగ లాగించాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఈ కంపెనీలన్నీ మొబైల్ నెట్‌వర్క్‌లపై 480 గీతలకే పరిమితమవుతామని ఒప్పుకున్నాయి. దేశమంతా కలిసి కొన్నాళ్లు దూరదర్శన్ జమానా కన్నా కింద ఉందన్నమాట.

ఇంకో సంగతి, అమ్మేవాళ్లు చెప్పరు. 55 అంగుళాల తెరకు ఏడడుగుల కన్నా దూరం కూర్చుంటే, మామూలు హెచ్‌డీకీ ఫోర్‌కేకీ తేడా మామూలు చూపు పట్టలేదు. మా తఖ్త్ పదడుగుల దూరంలో ఉంది. నాకు కళ్లద్దాలున్నాయి. ఆపాకు మోతియాబింద్ ఆపరేషన్ అయ్యింది. మా అబ్బాయికి ఈ మాట చెప్పలేదు, ఇష్టంగా పంపాడు.

మరి ఫోర్‌కేలో నిజంగా నన్ను పట్టుకున్నదేమిటి? పాత సినిమాలు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నెగటివ్ మీద అప్పుడే అంత వివరం పడి ఉంది, చూపించే తెర లేక ఇన్నాళ్లూ నిద్రపోయింది. నెగటివ్ బతికుంటే చాలు. సత్యజిత్ రాయ్ అపు చిత్రాల నెగటివ్‌లు 1993లో లండన్‌లో ఒక ల్యాబ్ మంటల్లో పడ్డాయి. కాలి ముడుచుకుపోయిన ఆ రీళ్లను పారేయకుండా దాచారు. ఇరవై ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యాలో నిపుణులు వాటిని రసాయనాల్లో నానబెట్టి, మెత్తబరిచి, చిరిగిన అంచులు చేత్తో అతికి, ఫ్రేము తర్వాత ఫ్రేము ఫోర్‌కేలో స్కాన్ చేశారు. 'పథేర్ పాంచాలి' సుమారు నలభై శాతం ఆ కాలిన రీళ్ల నుంచే దక్కింది. మిగతాది మంచి ప్రింట్ల నుంచి తీసుకున్నారు. మన 'ఉమ్రావ్ జాన్' నెగటివ్ పాడైపోతే, పుణె ఫిల్మ్ ఆర్కైవ్ దాచిన ప్రింటు నుంచి ఫోర్‌కేలో బాగుచేసి 2025లో మళ్లీ విడుదల చేశారు. అదే 1931 నాటి 'ఆలం ఆరా', మన దేశపు తొలి టాకీ, మన ఎల్.వి.ప్రసాద్ కూడా కనిపించిన సినిమా, ఒక్క ప్రింటు కూడా దొరకలేదు. ఎయిట్‌కే తెర కొన్నా దాన్ని చూడలేం.

'మొఘల్-ఎ-ఆజం'కు 2004లో, 'మాయాబజార్'కు 2010లో రంగులద్దింది కూడా యాదుంది కదా. బాగానే ఉన్నాయి, నేనూ చూశాను. కానీ ఆ చీర రంగు ఎవరో అనుకుని వేసిన రంగు. నెగటివ్‌లో అది లేదు. దొరికినదాన్ని శుభ్రం చేయడం వేరు, లేనిదాన్ని అందాజాగా వేయడం వేరు. ఈ ఫర్క్ నాకు పుస్తకాల్లో కాదు, మా హాల్లోనే తెలిసింది.

ఇప్పుడు ఆపా నికాహ్ క్యాసెట్. మా అమ్మీ మర్హూమా ఫోటోలకు ఒప్పుకునేవారు కాదు. 1997లో ఆమె ఇంతకాల్ అయినప్పుడు మా దగ్గర ఉన్నది ఓటరు కార్డు మీది మసక ముఖం ఒక్కటే. ఆ నికాహ్ వీడియోలో, రుఖ్సతీ సమయంలో, వీడియో వాడి లైటు ఒకసారి పక్కకు తిరిగినప్పుడు అమ్మీ పదకొండు సెకన్లు కనిపిస్తారు. ఓణీ ముఖం మీదికి లాక్కుంటూ, అంతలోనే ఆపా వైపు చూసి చెయ్యి వదిలేస్తారు. అంతే. క్యాసెట్‌కు బూజు పట్టింది. బజారులో ఒక దుకాణంలో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాం.

ఈద్ మూడో రోజు ఆపా వచ్చింది. కొత్త తెర మీద ఆ పదకొండు సెకన్లు పెట్టాం. ఇరవై రెట్ల పెద్ద తెరకు అంత చిన్న బొమ్మ సాగదీస్తే ఏముంటుంది? పొగ. మా అబ్బాయికి మనసు ఆగలేదు. "అబ్బా, ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, దీన్నే ఫోర్‌కే చేస్తుంది" అని రాత్రంతా లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పొద్దున్నే వేశాడు. సుభానల్లాహ్, కనురెప్పలు కనిపించాయి. ఓణీ అంచు జరీ కనిపించింది. ఇంట్లో అందరూ నోరు తెరిచారు, నేనూ.

ఆపా మాత్రం తెర దగ్గరికి వెళ్లి నిలబడింది. అమ్మీ గడ్డం మీద చిన్నప్పుడు బావి గట్టు తగిలిన మచ్చ ఉండేది. పాత బొమ్మలో అది నల్లని మరక. కొత్తదాంట్లో చర్మం నున్నగా, మచ్చ లేకుండా ఉంది. ముక్కు పుల్ల నీడలో కలిసిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్ వేల ముఖాలు చూసి నేర్చుకున్నది, మరక కనబడితే అది మచ్చ అని దానికెలా తెలుస్తుంది? ఎవరెవరివో కనురెప్పలు తెచ్చి మా అమ్మీకి పెట్టింది.

"యే అమ్మీ నై హై రే," అంది ఆపా. "అమ్మీ కే జైసీ కోయీ ఔర్ హై."

మా అబ్బాయి ఏమీ అనలేదు. కొత్త ఫైలు తీసేశాడు. పాతదాన్ని రెండు చోట్ల నకలు చేశాడు. క్యాసెట్‌ను బట్టలో చుట్టి అలమారాలో నేనే పెట్టాను, 'పథేర్ పాంచాలి' రీళ్ల సంగతి తెలిశాక ఏదీ పారేయబుద్ధి కావడం లేదు.

రాత్రి ఇషా తర్వాత ఆపా మళ్లీ పాతదే పెట్టమంది. తఖ్త్ మీద కూర్చోలేదు. కుర్చీ తీసుకుని వరండా తలుపు దాకా వెళ్లింది, అక్కడికి తెర ఇరవై అడుగులు ఉంటుంది.

"ఇక్కణ్ణుంచి సాఫ్‌గా కనిపిస్తోంది," అంది. "లైట్ ఆపు."