యూనిట్టు ధర, యూనిట్టు విలువ

ధనమును గూర్చి మనము వాడుకొను మాటలలో పెక్కు ఇతర భాషలనుండి వచ్చినవే. 'వడ్డి' సంస్కృతమందలి వృద్ధి శబ్దమునకు తద్భవము. 'అసలు', 'బాకీ', 'వసూలు' అరబ్బీ మాటలు. పారసీకమున దర్బారు వ్యవహారములు సాగిన కాలమున ఇవి కరణముల లెక్కలలో స్థిరపడినవి. షేరు, బాండు, డివిడెండు ఇంగ్లీషు కంపెనీల వెంబడి దిగినవి. పాతమాటల అర్థము అక్షరము రాని రైతునకును తెలియును. వడ్డిమీద వడ్డి పెరిగి మడిచెక్క షావుకారు పాలగుట అతడు కన్నులార చూచినవాడే. కొత్తమాటలకు అట్టి చరిత్ర లేదా యనిన, కలదు. కాని అది పల్లె రచ్చబండవద్దగాక నెలజీతగాండ్ర ఇండ్లలో నడచినది. 1964 నాటి యూనిట్టు పథకము దానికి మంచి తార్కాణము.

మొట్టమొదట గ్రహింపవలసిన భేదము అప్పునకును వాటాకును గలది. బాండు, ప్రామిసరీ నోటు, బ్యాంకు డిపాజిట్టు, ఇవన్నియు అప్పులే. మనము ఇచ్చువారము, అవతలివారు పుచ్చుకొనువారు. షేరు అట్టిది కాదు, అది వాటా. లాభము వచ్చిన పాలు పంచుకొందుము, నష్టము వచ్చిన అదియు మన పాలే. డిపాజిట్టు అనగా బ్యాంకునకు మనమిచ్చు అప్పు అను సంగతి, మన జిల్లాలు చేరియున్న మదరాసు రాజధానిలో 1906 అక్టోబరున ఆర్బత్‌నాటు కంపెనీ దివాలాతీసినప్పుడు అనేకులకు తెలిసివచ్చినది. మరుసటి యేడే భారతీయుల పూనికతో ఇండియన్ బ్యాంకు స్థాపితమైనది. అయినను డిపాజిట్టుదారునకు భీమా కలుగుటకు ఇంకను అర్ధశతాబ్దము పట్టినది. 1960లో కేరళమున పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన పిమ్మట, 1962 జనవరి 1 నుండి 1,500 రూపాయల వరకు ఆ రక్షణ ఏర్పడినది. 2020 ఫిబ్రవరిలో అది 5 లక్షలకు పెరిగినది.

వాటా యనగానే ముఖవిలువ యను మాట వచ్చును. కాగితముమీద అచ్చైన విలువ ఇది. బజారు ధరతో దీనికి బాంధవ్యము మిక్కిలి తక్కువ. అమెరికాలో అంతర్యుద్ధము జరిగిన కాలమున మన ప్రత్తి ధర ఆకాశమంటినది. బొంబాయిలో కుప్పలుగా పడిన సొమ్ము కొత్త కంపెనీల షేర్లలోనికి పారినది. సముద్రమును పూడ్చి నేలచేయుటకు పుట్టిన బ్యాక్‌బే కంపెనీ షేరు 5,000 రూపాయలది. దానిని దాదాపు 50,000కు కొన్నవారు కలరు. 1865 వసంతమున యుద్ధము ముగియుటతో ప్రత్తి పడినది, ప్రత్తితో షేర్లును పడినవి. వాయిదా బేరములు తీరవలసిన 1865 జూలై 1వ తేది బొంబాయి వర్తకులకు కాళరాత్రి యైనది.

సరిగా 99 ఏండ్లకు, 1964 జూలై 1న, మరియొక కథ మొదలైనది. కాకతాళీయమే గాని గుర్తుంచుకొనుటకు అనువైనది. పార్లమెంటు 1963లో చేసిన చట్టమువలన యూనిట్ ట్రస్టు ఆఫ్ ఇండియా 1964 ఫిబ్రవరి 1న ఏర్పడినది. అప్పటి ఆర్థిక మంత్రి టి. టి. కృష్ణమాచారి గారు. రిజర్వు బ్యాంకు, జీవిత భీమా కార్పొరేషను, స్టేటు బ్యాంకు మొదలగు సంస్థలు కూడి 5 కోట్ల మూలధనము సమకూర్చినవి. చిన్న మొత్తములు పొదుపుచేయు గృహస్థునకు షేర్లను పరీక్షించి కొను తీరికగాని నేర్పుగాని యుండదు. అందరి సొమ్మును ఒకచోట చేర్చి నిపుణులు మదుపు పెట్టినచో అతనికిని పరిశ్రమల ఫలము అందునని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే, ఇప్పటికిని అట్లే తలంపవలెను. జూలైలో వచ్చిన మొదటి పథకమునకు సంవత్సరమే పేరైనది. దాని యూనిట్టు ముఖవిలువ 10 రూపాయలు.

యూనిట్టు అనగా ఏమి? పదిమంది రైతులు కూడి ఒక పాతరలో ధాన్యము పోసిరనుకొందము. ఎవరు ఎన్ని కుంచములు పోసిరో చీటీ వ్రాసియిచ్చుట యూనిట్టు. పాతరలో నున్న ధాన్యమును కొలిచి, తీర్చవలసిన బాకీలు తీసివేసి, మిగిలినదానిని చీటీల లెక్కకు పంచగా వచ్చినది నికర ఆస్తి విలువ. ఈ చివరి మాటలోనే కథ యంతయు నున్నది. ఏలయన 1964 నాటి పథకములో కొనుగోలు ధరను, తిరిగి తీసికొను ధరను ట్రస్టే నిర్ణయించుచుండెను. పాతర మూత తీసి కొలిచి చెప్పిన ధర కాదది. ఏటేట కొంచెము కొంచెముగా పెంచుచు వచ్చిరి. మదుపరులకు ఆ నిలుకడయే నచ్చినది. పథకమును బ్యాంకు డిపాజిట్టు వంటిదిగా తలచిరి. వాటాను అప్పుగా భ్రమపడుట యన్నమాట.

డివిడెండు అను మాటయు ఆ భ్రమకు తోడ్పడినది. లాటినున దీని అర్థము 'పంచవలసినది' అని మాత్రమే. 1990ల దశకపు తొలి సంవత్సరములలో ట్రస్టు 26 శాతము డివిడెండు ప్రకటించినప్పుడు ఇరుగుపొరుగు అంతయు అదే ముచ్చట. కాని ఆ శాతము పది రూపాయల ముఖవిలువమీదిది. మన సొమ్ము పోసి కొన్న ధర వేరు. పదునాలుగు రూపాయలు పెట్టి యూనిట్టు కొన్నవానికి 20 శాతము డివిడెండు వచ్చినచో చేతికి వచ్చునది రెండు రూపాయలే. అతని లెక్కలో అది నూటికి పదునాలుగు చిల్లర. ఇది మోసము కాదు, లెక్కయే. అంతకన్న పెద్ద చిక్కు వేరొకటి కలదు. ఆ ఏటి ఆదాయము చాలనప్పుడు నిల్వధనమునుండి తీసి పంచినచో, పంచినంత మేర పాతర తరిగిపోవును.

మరియు పాతరలోని ధాన్యపు జాతియే మారినది. తొలినాళ్లలో బాండ్లవంటి నిలుకడగల ఆస్తులు మెండు. 1990లలో సగమునకు మించి షేర్లే. షేర్లు పడిపోవ, 1998 అక్టోబరున నిల్వధనము హరించి వేయి కోట్లకు పైగా లోటు పడినదని బయటపడినది. దీపక్ పరేఖ్ గారి అధ్యక్షతన నియమితమైన సంఘము, ధరను నికర ఆస్తి విలువకు ముడివేయవలెనని సూచించినది. ప్రభుత్వము మూడువేల కోట్లకు మించిన సహాయము చేసినది. ధర మాత్రము ఇంకను పాతపద్ధతినే నడచినది.

ఇక్కడ కొంత ఆగవలెను. ఏలయన నష్టము అందరికిని సమానముగా తగులలేదు. 2001 ఏప్రిల్, మే నెలలలో నాలుగువేల కోట్లకు పైగా సొమ్మును మదుపరులు వెనుకకు తీసికొనిరి. అందులో పెద్దపాలు కంపెనీలది. అప్పటికి తిరిగి తీసికొను ధర పదునాలుగు రూపాయలకు పైన. పాతరలో నున్నది అంతకు చాల తక్కువ. నికర ఆస్తి విలువ యన నేమో తెలిసినవారు లెక్క వేసికొని పోయిరి. వారికి ఎక్కువగా ఇచ్చినదెల్ల మిగిలినవారి పాలనుండి తగ్గినది. మిగిలినవారు ఎవరనగా, పెండ్లికని, చదువునకని, పదవీవిరమణ ధనమునకు తావుగా నుండునని యూనిట్లు దాచుకొన్న చిన్న మదుపరులు. 2001 జూలై 2న ట్రస్టు యూనిట్ల అమ్మకమును, తిరిగి తీసికొనుటను ఆరు నెలలు నిలిపివేయుచున్నట్లు ప్రకటించెను. మరునాడే అధ్యక్షుడు పదవి వదలవలసివచ్చినది. డిసెంబరు చివర మూత తీసి కొలువగా యూనిట్టు నికర విలువ 5 రూపాయల 81 పైసలు. పదునాలుగు చొప్పున వేయి యూనిట్లు కొన్నవాని 14,000 రూపాయలు నిజమునకు 5,810 మాత్రమే.

ప్రభుత్వము చిన్నవారిని పూర్తిగా విడువలేదు. 2003 మే నాటికి 5,000 యూనిట్ల వరకు 12 రూపాయల చొప్పునను, మించినవానికి 10 చొప్పునను ఇచ్చుటకు పూచీపడినది. విలువకును పూచీకిని నడుమనున్న తేడా ప్రజల పన్నులనుండియే పూడినది. యూనిట్లు ఎన్నడును కొననివారుకూడ ఆ నష్టమున పాలివారైరి. 2002లో పాత చట్టము రద్దై ట్రస్టు రెండుగా చీలినది. 1964 నాటి యూనిట్లు 2003 జూన్‌నుండి 6.75 శాతము వడ్డీగల ఐదేండ్ల బాండ్లుగా మారినవి. వాటాదారుడు అప్పిచ్చినవాడైనాడు, 2008 జూన్ 1న అతని సొమ్ము తీరినది.

ఈ కథ మన కార్యాలయములకు దూరమైనది కాదు. యూనిట్లు బాండ్లైన ఏడు నెలలకే, 2004 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వ సేవలో (సైనిక దళములు తప్ప) కొత్తగా చేరినవారికి పాత పింఛను బదులు జాతీయ పింఛను పథకము వర్తించినది. పాతదానిలో పింఛను జీతమునుబట్టి నిర్ణీతము. బజారు పడినను లేచినను ఆ భారము ప్రభుత్వముది. కొత్తదానిలో ఉద్యోగి మూలవేతనమున, కరవుభత్యమున పదవ వంతు జమచేయును. ప్రభుత్వము వంతు మొదట అంతే. 2019 ఏప్రిల్‌నుండి 14 శాతము. ఆ సొమ్ము యూనిట్లై పెరుగును, తరుగును. నిధుల మదుపు 2008 ఏప్రిల్ 1న మూడు సంస్థల చేతిలో మొదలైనది. స్టేటు బ్యాంకు, జీవిత భీమా సంస్థల శాఖలు రెండు, మూడవది పాత ట్రస్టు కుదురునుండి వచ్చిన యూటీఐ శాఖయే. అక్కడను యూనిట్టు పది రూపాయలతోనే ఆరంభమైనది. ఈసారి మాత్రము నికర విలువ ప్రతి పనిదినమున ప్రకటితమగుచున్నది. 2025 ఏప్రిల్ 1 నుండి, ఇరువదియైదేండ్ల సేవకు కడపటి పండ్రెండు నెలల సగటు మూలవేతనమున సగము పూచీగా నిచ్చు ఏకీకృత పింఛను పథకమును ఎంచుకొను వీలును కలిగినది. పూచీయా, యూనిట్టా అను ప్రశ్నకు ఇప్పుడు సమాధానము వ్రాయవలసినది ఉద్యోగియే. ఎంపిక పత్రముమీద సంతకము అతనిది.