మగ్గం దిగిన చేతులు: హగరి లోయలో నేతపని, వృత్తి మార్పు

అనంతపురం జిల్లా పడమటి అంచున వేదవతి నది పక్కన ఉన్న మండల కేంద్రం కణేకల్. ఆ నదిని ఇక్కడివాళ్లు హగరి అంటారు. రాయదుర్గం, ఉరవకొండ, బళ్లారి పట్టణాలు ఈ ఊరికి తలా ఒక దిక్కున ఉన్నాయి. ఆ మూడింటి చుట్టూ ఉన్న ప్రాంతంలో సేద్యం, గొర్రెల పెంపకం, నేత తరతరాలుగా కలిసి నడిచాయి. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అదీ నమ్మకం లేనిది. వాన తప్పితే రైతుకు పంట పోతుంది, రైతు కొనే బట్ట నేసేవాడికి పని పోతుంది. అందుకే నేతలో ఉండాలా, మానుకోవాలా అన్న ప్రశ్న ఈ సీమ నేతగాళ్లకు ప్రతి తరంలోనూ ఎదురైంది. ఒక్కో తరం దానికి ఇచ్చిన జవాబే ఈ ప్రాంతపు నేత చరిత్ర.

ఊలు నేత, నూలు నేత

కంబళ్లు నేసింది కురుబలు. గొర్రెల బొచ్చు కత్తిరించి, ఏకి, వడికి, ఇంటిముందే నేసేవారు. నేసినదానికి చింతగింజల గంజి పట్టించి గట్టిపరిచేవారు. మందా మగ్గమూ ఒకే ఇంటివి కాబట్టి నేత ఆగినా బతుకుకు గొర్రెలు మిగిలేవి.

నూలు, పట్టు నేత దేవాంగులు, తొగటలు, పద్మశాలీలు, కుర్ని వారి కులవృత్తి. వాళ్లకు మగ్గమే ఆస్తి. ఇంట్లో గుంత తీసి మగ్గం నిలుపుతారు. నేసే మనిషి గుంతలో కాళ్లు దించి కూర్చుని నాడె ఆడిస్తాడు. ఆసు పోయడం, కండెలు చుట్టడం ఎక్కువగా ఆడవాళ్ల పని. నూలు పడుగుకు గంజి పెట్టి వీధి పొడవునా సాచి ఆరబెడతారు. చీర వెనుక ఇంటిల్లిపాది కష్టం ఉంటుంది, కూలి మాత్రం చీర లెక్కన వస్తుంది. మగ్గం దించితే ఒక్కరి ఉద్యోగం మారినట్టు కాదు, ఆ ఇంటి పని పద్ధతి అంతా మారుతుంది.

పన్నులు, మిల్లు నూలు

విజయనగర కాలపు శాసనాల్లో మగ్గాల మీద పన్ను ప్రస్తావన ఉంది. రాజధాని హంపి ఈ ప్రాంతానికి దగ్గర కావడంతో మేలురకం బట్టకు గిరాకీ ఉండేది. 1565 తర్వాత ఆ రాజధాని పాడుపడింది, ఈ సీమ పాళెగాళ్ల చేతుల్లోకి పోయింది. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అలా కంపెనీకి వచ్చిన ఈ దత్తమండలాలకు తొలి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా థామస్ మన్రో వచ్చాడు. చేతివృత్తులవాళ్ల మీద, మగ్గాల మీద మొహతర్ఫా పేరుతో పన్ను వసూలు కంపెనీ పాలనలోనూ సాగింది. మద్రాసు రాజధానిలో అది రద్దయింది 1861లో.

పన్ను పోయేనాటికే అంతకంటే పెద్ద దెబ్బ తగులుతోంది. ఇంగ్లండు మిల్లుల్లో వడికిన నూలు, ఆ వెనుక బొంబాయి మిల్లుల నూలు సంతలకు చేరాయి. ముందుగా పని పోగొట్టుకున్నది రాట్నం తిప్పే ఆడవాళ్లు. నూలు వడకడం అన్ని కులాల పేద ఇళ్లకూ, ముఖ్యంగా వితంతువులకు, చేతి ఆదాయం. ఆ ఆదాయానికి బదులుగా వాళ్లకు మరో పని ఎవరూ చూపలేదు. నేతగాడికి మిల్లు నూలు చవకగా దొరికింది. కానీ అది దూరం నుంచి వ్యాపారి ద్వారా వచ్చే సరుకు. అరువు మీద నూలు తెచ్చుకుని, నేసిన బట్ట ఆ షావుకారుకే ఇచ్చే అలవాటు బలపడింది. అప్పు తీరనిదే వృత్తి మానడానికీ వీలులేని స్థితి అలా ఏర్పడింది.

1876-78 కరువు

ఈ ప్రాంతం అప్పటికి బళ్లారి జిల్లాలో ఉండేది. అనంతపురం వేరే జిల్లా అయింది 1882లో. 1876లో వానలు తప్పాయి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య బళ్లారి జిల్లా జనంలో దాదాపు ఐదోవంతు తగ్గారు. తిండిగింజల ధర పెరిగితే జనం ముందుగా మానుకునేది బట్ట కొనడం. అందువల్ల పొలం లేని నేతగాళ్లు కరువు మొదట్లోనే చిక్కుకుపోయారు.

సర్కారు చూపిన దారి కరువు పనులు: రోడ్లకు కంకర కొట్టడం, చెరువు మట్టి మోయడం. నాడెకు, సన్నని పోగుకు అలవాటైన చేతులు సుత్తి పట్టలేకపోయాయి. పట్టినా వేళ్లు మొద్దుబారితే తిరిగి మగ్గం మీద పనికిరావన్న భయం ఉండేది. ఆ అనుభవం తర్వాత మద్రాసు రాజధాని కరువు నిబంధనల్లో నేతగాళ్లకు వాళ్ల వృత్తిలోనే పని ఇవ్వాలన్న ఏర్పాటు చేరింది. నూలు ఇచ్చి, నేసిన బట్టకు కూలి కట్టడం ఆ పద్ధతి. పనివాడి నైపుణ్యాన్ని కాపాడటమూ కరువు సహాయంలో భాగమేనని పాలకులు ఒప్పుకోవడం ఈ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం.

ముతక బట్ట నుంచి పట్టుకు

ముతక బట్టలో మిల్లుతో పోటీ పడటం కష్టమైంది. వెడల్పు అంచు, జరీ కొంగు ఉన్న పట్టుచీర మాత్రం చాలాకాలం మిల్లుకు లొంగలేదు. ధర్మవరం, రాయదుర్గం, ఉరవకొండల్లో పట్టు నేత నిలదొక్కుకున్నది ఆ బలంతోనే. వృత్తి లోపలే జరిగిన మార్పు ఇది. పోగు మారింది, కొనేవాళ్లు మారారు, చేతి నేర్పు మాత్రం అదే. లేపాక్షి ఆలయపు పైకప్పు చిత్రాల్లోని బొమ్మలను ధర్మవరం నేతగాళ్లు చీరల్లోకి తెచ్చుకున్నారు.

నీళ్లు, సరిహద్దులు

కణేకల్ పరిసరాల్లో వృత్తి మార్పునకు నీరు మరో కారణం. వేదవతి మీద ఎగువన మైసూరు సంస్థానం కట్టిన వాణీవిలాస సాగర్ 1907లో పూర్తయింది. దిగువన నదికి నీటి రాక తగ్గింది. గాలికి నది ఇసుక లేచి తూర్పు ఒడ్డు పొలాల మీద దిబ్బలు వేస్తూ వచ్చింది. 1953లో తుంగభద్ర ఆనకట్ట నీటి విడుదల మొదలైంది. తర్వాత వచ్చిన ఎగువ కాలువ కణేకల్ మీదుగా సాగి, కాలువ కింద వరి పెరిగింది. నాట్లకు, కోతలకు కూలీలు కావలసి వచ్చారు. ఏడాది పొడవునా గంజికి చాలని నేత కూలితో పోలిస్తే, కాలువ పారిన నెలల్లో పొలం పని మెరుగైన ఆదాయం. మరోవైపు సేద్యం పెరిగినచోట గొర్రెల మేత నేల తగ్గింది, మిల్లు దుప్పట్లు చవకగా వచ్చాయి, కంబళి నేత సన్నగిల్లింది.

1953లోనే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్లారి మైసూరులో చేరింది, అప్పటిదాకా బళ్లారి జిల్లాలోనే ఉన్న రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాకు వచ్చింది. సరిహద్దు మారినా బేరసారాలు బళ్లారితోనే సాగాయి. తర్వాతి మలుపునకు ఆ సంబంధమే దారి వేసింది.

మరమగ్గం, కుట్టు మిషను

స్వాతంత్ర్యం తర్వాత నేతను నిలపడానికి ప్రయత్నాలు తక్కువేం జరగలేదు. 1952లో అఖిల భారత చేనేత బోర్డు, 1976లో రాష్ట్ర చేనేత సహకార సంఘం ఆప్కో వచ్చాయి. 1985 చట్టం 22 రకాల బట్టలను చేతిమగ్గాలకే కేటాయించింది. తర్వాత ఆ జాబితా 11 రకాలకు కుదించుకుపోయింది. ఆ చట్టం కాగితం మీద ఉండగానే మరమగ్గాలు చేనేత డిజైన్లను దించి తక్కువ ధరకు అమ్మాయి. ముడిపట్టు ధర పెరిగినప్పుడల్లా నేతగాడి మిగులు తరిగింది. అప్పులు తాళలేక ధర్మవరం ప్రాంతంలో నేతగాళ్లు ప్రాణాలు తీసుకున్న ఏళ్లు ఉన్నాయి. కొందరు బెంగళూరుకు, దొడ్డబళ్లాపురం మరమగ్గాలకు తరలిపోయారు.

రాయదుర్గంలో మాత్రం జీన్స్ కుట్టు పెద్ద ఎత్తున పెరిగింది. బళ్లారి జీన్స్ వ్యాపారానికి ఇది ఆనుకుని ఎదిగిన పని. ఒకరు జేబులు, ఒకరు జిప్పు, ఒకరు నడుము పట్టీ కుడతారు, కూలి పీసు లెక్కన. కరెంటు మిషను, కొన్ని వారాల నేర్పు ఉంటే చాలు. మగ్గం మీద ఏళ్ల తరబడి నేర్చుకున్నదాంతో పోలిస్తే ఇది చిన్న విద్యే, కానీ వారం తిరిగేసరికి చేతికి డబ్బు వస్తుంది. నేత ఇళ్ల పిల్లలకు, వ్యవసాయ కూలీల ఇళ్ల ఆడవాళ్లకు ఊరు వదలకుండా దొరికిన పని ఇది. ఆర్డర్లు ఆగితే మిషను కూడా ఆగుతుంది, ఇంటి దగ్గర కుట్టేవారికి ప్రావిడెంట్ ఫండ్ లాంటి రక్షణ ఉండదు.

ఉమ్మడి అనంతపురం జిల్లా చేతివృత్తుల్లో మరో దారి ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటది. సినిమా వచ్చాక తోలుబొమ్మలాటకు పిలుపులు తగ్గాయి. ఆ కుటుంబాలు మేకతోలు మీద రంగులు వేసే విద్యను వదలకుండా దీపాల తొడుగులు, గోడ బొమ్మలు చేయడం నేర్చుకున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

లెక్కలు చెప్పేది

1995-96 చేనేత గణనలో దేశంలో 65 లక్షలకు పైగా ఉన్న చేనేత పనివారు 2019-20 నాటికి 35 లక్షలయ్యారు. 2019 డిసెంబరులో ధర్మవరంలో మొదలైన నేతన్న నేస్తం పథకం సొంత మగ్గం ఉన్న ఇంటికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చింది. ఇంటి ఖర్చుకు అది ఆసరా అయింది. మగ్గం దించాలనుకునే మనిషికి కొత్త పని నేర్పే ఏర్పాటు అందులో లేదు.

హగరి లోయ, ధర్మవరం ప్రాంతాల అనుభవంలో ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ముతక బట్ట నుంచి పట్టుకు, తోలుబొమ్మ నుంచి దీపపు తొడుగుకు మారినవాళ్లు తమ విద్యను వెంట తీసుకెళ్లి నిలబడ్డారు. కంకర కుప్పల దగ్గరికి, రోజు కూలికి నెట్టబడినవాళ్లు విద్యనూ ఆదాయాన్నీ రెండింటినీ పోగొట్టుకున్నారు. వృత్తి మానడం తప్పు కాదు, ఉండిపోవడం గొప్పా కాదు. ఆ నిర్ణయం అప్పు ఒత్తిడితో కాక నేతగాడి ఇష్టంతో జరగాలి. అందుకు షావుకారు బాకీ తీర్చే రుణం, చేతిలో ఉన్న నేర్పు మీద కట్టే శిక్షణ, కండెలు చుట్టే ఆడవాళ్ల పనికి కూడా విలువ కట్టే పద్ధతి కావాలి. నేతకు సాయం చేయదలచిన ప్రభుత్వాలు, సహకార సంఘాలు ఈ మూడింటితో మొదలుపెట్టాలి.