పొగ త్రాగరాదు: ఒక బోర్డు వెనుక చరిత్ర



మీరు రోజూ ఎక్కే బస్సులో 'పొగ త్రాగరాదు' అన్న రెండు మాటలు చూసే ఉంటారు. మీరు పుట్టేనాటికే అవి అక్కడ ఉన్నాయి కాబట్టి వాటికొక చరిత్ర ఉంటుందన్న ఆలోచన మీకు కలిగి ఉండదు. మీ ఇంట్లో అరవై దాటిన వారిని ఒకసారి అడిగి చూడండి. సరిగ్గా ఆ మాటల కిందనే కూర్చొని బీడీ కాల్చిన ప్రయాణికుల గురించి, పక్కనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని కిటికీ వైపు తిరిగి కూర్చున్న ఆడవారి గురించి చెబుతారు. బోర్డు ఉండేది, పొగ కూడా ఉండేది. ఆ కొంగు వెనుక ఉన్నది కూడా ప్రజాభిప్రాయమే. కాని దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ప్రజాభిప్రాయం అనగానే మనకు ఎన్నికలు, సర్వేలు, పత్రికలకు రాసే ఉత్తరాలు గుర్తుకు వస్తాయి. పొగ విషయంలో అవి మనకు సగం కథే చెబుతాయి. మన దేశంలో పొగ త్రాగేవారి కంటే త్రాగనివారే ఎక్కువ. పక్కవారి పొగను ఇష్టంగా పీల్చేవారు ఎక్కడా కనబడరు. మరి ఇంతమందికి ఇష్టం లేని పని ఇంతకాలం అందరి మధ్య ఎలా సాగింది? మన చట్టాలను వరుసగా చదివితే దీనికి కొంత జవాబు దొరుకుతుంది. వాటిలో అసలు చిక్కు పొగ మంచిదా, చెడ్డదా అన్నది కాదు. ఎవరు నోరు తెరవాలి అన్నది. త్రాగేవాడు అనుమతి అడగాలా? పక్కవాడు అభ్యంతరం చెప్పాలా? లేక ఇద్దరికీ ఆ బాధ లేకుండా మూడో వ్యక్తి ఎవరైనా చూసుకోవాలా? ఈ పాఠంలో మనం ఆ ప్రశ్న వెంట నడుద్దాం.

పొగాకు మన నేలలో పుట్టిన మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వారి ద్వారా దక్కనుకు వచ్చింది. బిజాపూరుకు దూతగా వెళ్ళి వచ్చిన అసద్ బేగ్, అక్బరు చివరి రోజులలో పొగాకును, ఒక అందమైన హుక్కాను చక్రవర్తికి సమర్పించానని తానే రాసుకున్నాడు. అక్బరు కుతూహలం కొద్దీ కాస్త పీల్చాడు. తెలియని వస్తువు వద్దని ఆస్థాన వైద్యుడు వారించాడు. అంటే పొగాకు మీద వాదం పొగాకుతో పాటే దర్బారులో అడుగుపెట్టిందన్నమాట. 1617లో జహంగీరు పొగాకును నిషేధిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. ఇరాన్‌లో షా అబ్బాస్ కూడా నిషేధించాడు. అయితే జహంగీరు ఇరాన్‌కు పంపిన రాయబారి ఖాన్ ఆలం పొగ లేనిదే ఉండలేనివాడు. సంగతి షా దాకా వెళ్ళింది. షా ఒక ద్విపద రాసి అతనికి మినహాయింపు ఇచ్చాడట! నిషేధమూ మినహాయింపూ కవలపిల్లలని అప్పుడే తేలిపోయింది. రాజాజ్ఞలు ప్రజల అభిప్రాయం అడగలేదు, ప్రజలు రాజాజ్ఞలను పట్టించుకోనూ లేదు. ఆ శతాబ్దంలోనే పొగాకు సాగు మన తూర్పుతీరం దాకా పాకింది.

తరువాత మన సమాజం పొగకు తనదైన కట్టుబాటు ఒకటి ఏర్పరచుకుంది. పొగాకుకు అమృతంతో చుట్టరికం కలిపి తెలుగువారు చాటుపద్యం చెప్పుకున్నారు. 'కన్యాశుల్కం'లో గిరీశం శిష్యుడు వెంకటేశానికి చుట్ట మహిమను ఉపన్యసిస్తాడు. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో, ఆడవారు చుట్ట నిప్పున్న కొసను నోటి లోపల ఉంచుకొని 'అడ్డపొగ' త్రాగేవారు. అంగిలికి వచ్చే క్యాన్సరుకూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధాన్ని వైద్యులు దశాబ్దాలుగా అధ్యయనం చేశారు. ఇలా ఊరిని బట్టి, కులవృత్తిని బట్టి, ఆడా మగా తేడాను బట్టి కట్టుబాటు మారేది. కాని ఒక నియమం ఇంచుమించు అన్నిచోట్లా ఉండేది: పెద్దల ఎదుట చిన్నవారు కాల్చకూడదు. తండ్రి వీధి మొగలో కనబడగానే చేతిలోని సిగరెట్టు వీపు వెనక్కి పోయేది. మరి పెద్దలు? వారు పసిపిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకొని చుట్ట వెలిగించినా అడిగేవారు లేరు. ఈ నియమం పెద్దవారి గౌరవాన్ని కాపాడింది, చిన్నవారి ఊపిరితిత్తులను కాదు. ఇది మీరు గుర్తుంచుకోవాలి. ఎందుకంటే తరువాత వచ్చిన చట్టాలన్నీ ఈ అలవాటుతోనే తలపడవలసి వచ్చింది.

ముక్కూ మొహం తెలియని వారిని గంటల తరబడి ఒకే పెట్టెలో కూర్చోబెట్టింది రైలు. అందుకే పొగ తగాదా మొదట రైలు చట్టానికి ఎక్కింది. 1890 నాటి భారత రైల్వేల చట్టం, 110వ సెక్షను చూడండి. పొగ త్రాగడానికి ప్రత్యేకించిన పెట్టెలో తప్ప, తోటి ప్రయాణికుల సమ్మతి లేకుండా పొగ త్రాగితే ఇరవై రూపాయల దాకా జరిమానా. ఆనాటి కూలివాడికి అది నెలల సంపాదన. రైల్వే సిబ్బంది హెచ్చరించినా మానకపోతే ప్రయాణికుణ్ణి దింపివేయవచ్చు. గమనించారా? ఇక్కడ నోరు తెరవవలసినవాడు త్రాగేవాడు. ముందుగా అతడు అడగాలి.

కాగితం మీద ఇది ఎంతో మర్యాదైన చట్టం. కిక్కిరిసిన మూడో తరగతి పెట్టెలో ఎవరు ఎవరి సమ్మతి అడిగి ఉంటారో మీరే ఊహించుకోండి. ఆ పెట్టెల్లోనే దేశమంతా తిరిగిన గాంధీజీ తన ఆత్మకథలో ఈ సంగతి ప్రస్తావించారు. చిన్నతనంలో పొగ సరదాతో నౌకర్ల జేబుల్లోంచి రాగి నాణేలు దొంగిలించిన ఉదంతం చెబుతూ, పొగ త్రాగేవారితో నిండిన పెట్టెలో ప్రయాణించడం తనకు ఊపిరాడని పని అని రాశారు. ఆయనంతటివాడికే అలా ఉంటే, మొదటిసారి రైలెక్కిన పల్లెటూరి బాలింత ఎదుటివాణ్ణి మానమని ఎలా అనగలదు?

1989లో పాత చట్టం స్థానంలో కొత్త రైల్వేల చట్టం వచ్చింది. దాని 167వ సెక్షను ప్రకారం, పెట్టెలోని మరో ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగ త్రాగకూడదు. జరిమానా వంద రూపాయల దాకా. ఏదైనా రైలులో పొగను పూర్తిగా నిషేధించే అధికారం రైల్వేలకు ఉంచారు. పైపైన చదివితే పాతదీ కొత్తదీ ఒకటే అనిపిస్తుంది. కాదు. 1890లో త్రాగేవాడు అడగాలి, 1989లో త్రాగనివాడు కాదనాలి. తొంభై తొమ్మిదేళ్ళ తరువాత, స్వతంత్ర భారతంలో, నోరు తెరిచే భారం బాధపడేవాడి మీద పడింది! దీన్ని ఎవరో కావాలని చేశారని నేననను. అప్పటికి సిగరెట్టు ఎంత మామూలు విషయమైపోయిందో ఈ ఒక్క మార్పు చెబుతోంది. చట్టం రాసేవారు కూడా తమ కాలపు మనుషులే కదా.

మాట్లాడనివారి పక్షాన మాట్లాడింది మొదట విజ్ఞానశాస్త్రం. పొగ త్రాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఉందని 1950లోనే బ్రిటన్, అమెరికా పరిశోధనలు చూపాయి. మన దేశంలో 1975 నాటి చట్టం సిగరెట్టు పెట్టె మీద హెచ్చరికను తప్పనిసరి చేసింది. బీడీ కట్టను ఆ చట్టం తాకలేదు. అయితే ఇవన్నీ త్రాగేవాడి ఆరోగ్యం సంగతి. "నా ఊపిరి, నా ఇష్టం" అంటే జవాబు ఉండేది కాదు. 1981లో జపాన్‌లో హిరయామా ప్రచురించిన అధ్యయనం ఆ జవాబు ఇచ్చింది. తాము పొగ త్రాగకపోయినా, త్రాగే భర్తలున్న స్త్రీలలో ఊపిరితిత్తుల క్యాన్సరు మరణాలు ఎక్కువగా ఉన్నాయని అది చూపింది. 1986లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక కూడా పక్కవారి పొగ ప్రమాదాన్ని నిర్ధారించింది. దీంతో వాదం మర్యాద నుంచి హక్కు వైపు మళ్ళింది.

మన దేశంలో ఆ మలుపు కోర్టులలో కనబడుతుంది. 1990లో కేంద్రం ఒక పాలనాపరమైన ఉత్తర్వుతో ఆసుపత్రులు, విద్యాసంస్థలు, దేశీయ విమానాల వంటి చోట్ల పొగను వద్దంది. 1996లో ఢిల్లీ సొంత చట్టం చేసుకుంది. 1999 జూలైలో కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పు వీటన్నిటి కంటే ముందుకు వెళ్ళింది. బహిరంగ ప్రదేశంలో పొగ త్రాగడం తోటివారి జీవించే హక్కును, అంటే రాజ్యాంగంలోని 21వ అధికరణాన్ని భంగపరుస్తుందని, అది శిక్షాస్మృతి ప్రకారం ప్రజాకంటకం కిందికి వస్తుందని చెప్పింది. ఇందుకు కొత్త చట్టం అవసరం పడలేదు. గాలిని ఆరోగ్యానికి హానికరంగా చేయడం నేరమన్న 278వ సెక్షను 1860 నుంచీ అప్పటి శిక్షాస్మృతిలో ఉండేది. నూట నలభై ఏళ్ళ పాటు దాన్ని పొగకు వర్తింపజేయాలని ఎవరికీ గట్టిగా తట్టలేదు. నా దృష్టిలో ప్రజాభిప్రాయం మారిందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు: అక్షరం మారలేదు, చదివే కన్ను మారింది.

2001 నవంబరు 2న, మురళీ దేవరా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఆదేశం ఇచ్చింది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, రైళ్ళతో సహా ప్రజా వాహనాలలో పొగ నిషిద్ధం. 2003లో పార్లమెంటు చేసిన పొగాకు ఉత్పత్తుల చట్టం సిగరెట్టుతో పాటు బీడీని, చుట్టను, హుక్కాను కూడా ఒకే గాటన కట్టింది. ఉల్లంఘిస్తే రెండు వందల రూపాయల దాకా జరిమానా.

వ్యతిరేకించినవారు లేరా? ఉన్నారు. వారందరినీ సిగరెట్టు కంపెనీల మనుషులని కొట్టిపారేస్తే చరిత్ర అర్థం కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వర్జీనియా పొగాకు పండించే రైతుకు ఆ పంటే ఆధారం. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరులోనే ఉంది. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల్లో తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే వేలాది స్త్రీలకు చేటలోని ఆకే నాలుగు మెతుకులు. బహిరంగంగా కాల్చవద్దంటే రేపు అసలే కాల్చవద్దంటారేమో అన్న వారి భయం అర్థం లేనిది కాదు. ఇంకొక అభ్యంతరం న్యాయానికి సంబంధించినది. ముప్పై గదులున్న హోటలుకు, ముప్పై మంది కూర్చునే రెస్టారెంటుకు, విమానాశ్రయానికి పొగ కోసం వేరే చోటు కేటాయించుకొనే వీలును చట్టం ఇచ్చింది. బస్టాండులో బీడీ కాల్చే కూలివాడికి అటువంటి గది లేదు. షా అబ్బాస్ ద్విపద మీకు గుర్తుకు వస్తే తప్పు నాది కాదు.

2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, కొత్త నియమాలు అమలులోకి వచ్చాయి. అన్బుమణి రాందాస్ అప్పుడు ఆరోగ్య మంత్రి. వాటిని ఆపమని సిగరెట్టు కంపెనీ, హోటళ్ళవారు కోరగా సుప్రీంకోర్టు అంతకు కొద్ది రోజుల ముందే నిరాకరించింది. పని చేసే చోట్లు, సినిమా హాళ్ళు, రైల్వే స్టేషన్లు, బస్టాండులు అన్నీ నిషేధం కిందికి వచ్చాయి. ఈ నియమాలలో పత్రికలు పెద్దగా పట్టించుకోని రెండు అంశాలు నాకు ముఖ్యమనిపిస్తాయి. ఒకటి, ఆ చోటు యజమాని లేదా నిర్వాహకుడే బాధ్యుడు. ఫిర్యాదు ఎవరికి చేయాలో వారి పేరు గోడ మీద ఉండాలి. ఉపేక్షిస్తే జరిమానా అతనికీ పడుతుంది. రెండు, యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు అక్కడ ఉంచకూడదు. బల్ల మీద యాష్‌ట్రే ఉండడమంటే కానివ్వండి అని చెప్పడమే కదా! 1890లో త్రాగేవాడి మీద, 1989లో పక్కవాడి మీద ఉన్న భారం ఇలా మూడోవాడి మీదకు వచ్చింది. ఇప్పుడు బాలింత నోరు తెరవనక్కర లేదు, కనీసం కాగితం మీద.

పొరుగు దేశాల వైపు ఒకసారి చూస్తే ఇదే ప్రయత్నం వేరు వేరు దారుల్లో కనబడుతుంది. బంగ్లాదేశ్ 2005లో చట్టం చేసి యాభై టాకాల జరిమానా పెట్టింది, 2013లో దాన్ని మూడు వందలు చేసింది. భూటాన్ ఏకంగా 2004లో పొగాకు అమ్మకాన్నే నిషేధించింది. సరిహద్దు దాటి దొంగసరుకు వస్తూనే ఉండగా, 2021లో ఆ అమ్మకపు నిషేధాన్ని ఎత్తివేసింది.

మరి మన దేశంలో ఏమి జరిగింది? దేశవ్యాప్తంగా వయోజనుల మీద రెండుసార్లు పెద్ద సర్వే జరిగింది, 2009-10లోనూ 2016-17లోనూ. పొగ త్రాగేవారు 14 శాతం నుంచి 10.7 శాతానికి తగ్గారు. నాలుగు గోడల మధ్య పనిచేసేవారిలో, పనిచోట ఇతరుల పొగ పీల్చవలసి వచ్చినవారు మొదటిసారి 29.9 శాతం, రెండోసారి 30.2 శాతం. అంటే చట్టం స్పష్టంగా వర్తించే చోట మార్పు దాదాపు లేదు. ఇంట్లో ఇతరుల పొగ పీల్చవలసి వచ్చినవారు మాత్రం 52.3 శాతం నుంచి 38.7 శాతానికి తగ్గారు. ఇంటి గడప దాటి లోపలికి వెళ్ళే నిషేధం మన చట్టంలో ఎక్కడా లేదు. అక్కడ బోర్డు లేదు, జరిమానా లేదు, ఇన్స్పెక్టరు రాడు.

త్రాగేవారి సంఖ్య తగ్గడం దీనికి కొంత కారణం కావచ్చు. కాని ఆ తగ్గుదల పనిచోట ఎందుకు కనబడలేదు? ఆఫీసులో పై అధికారి వెలిగిస్తే కిందివాడు ఇంకా మాట్లాడలేడని అనుకోవాలా? ఇంట్లో మాత్రం ఎవరో నోరు తెరిచారు, బహుశా స్కూల్లో పాఠం విని వచ్చిన పిల్ల. "నాన్నా, బయటికి వెళ్ళి కాల్చుకో" అని ఆ పిల్ల ఏ రోజున, ఏ ఇంట్లో మొదటిసారి అన్నదో ఏ గెజెట్టులోనూ ఉండదు. మీ వీధిలో నాలుగిళ్ళకు వెళ్ళి అడిగితే తెలియవచ్చు.