వేలిముద్ర ఎవరిది, ఒళ్ళు ఎవరిది?

"చేరమంటావా నాయినా, వొద్దంటావా?"

కలువాయి మండలంలోని మా మాదిగపల్లెలో మా చిన్నమ్మ అడిగిన ప్రశ్న ఇది. నిమ్మతోటల్లో కాయలు కోసి, ఏరి బతికే మనిషి. కొన్నేళ్ళుగా ఆమె బుగ్గల మీద, చెవుల మీద గుండ్రటి మచ్చలు. అంచు నల్లగా, నడుమ తెల్లగా. ఊళ్ళో కొందరు బొల్లి అన్నారు, కొందరు పెద్దరోగం అన్నారు. కాయలు ఏరేటప్పుడు పక్కన కూర్చునేవాళ్ళు దూరం జరిగారు. పుట్టుకతో వచ్చిన అంటరానితనం మీద ఇది ఇంకో అంటరానితనం. చివరికి పట్నంలో ఒక ఆస్పత్రివాళ్ళు అది చర్మానికి వచ్చే లూపస్ అని తేల్చారు. కొత్త మందు ప్రయోగం జరుగుతోంది, చేరతావా అని ఒక కాగితాల కట్ట చేతికిచ్చారు.

లూపస్ అంటువ్యాధి కాదు. మన ఒంట్లోని రక్షణ శక్తే మన ఒంటి మీద తిరగబడే జబ్బు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువగా వస్తుంది. ఎండ తగిలితే చర్మం మీది మచ్చలు ముదురుతాయి. ఇంతవరకు డాక్టరు చెప్పగలడు. కానీ చేరాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు వైద్యంలోనే కాదు, చరిత్రలో కూడా వెతకాలి. ప్రయోగాలకు ఇంతకాలం ఎవరి ఒళ్ళు వాడారు, ఎవరిని అడిగి వాడారు అన్నది చూడకుండా మేం ఆమెకు జవాబు చెప్పలేకపోయాం.

ఈ చరిత్ర మన నేల మీద పాతదే. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ ఏమయ్యాడని ఏ పాఠ్యపుస్తకమూ మనకు చెప్పలేదు. అణా పోయి రూపాయి వచ్చినా పద్ధతి పోలేదు. అప్పటి గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ నుంచి పేద ఆడవాళ్ళను డబ్బాశ చూపి హైదరాబాద్‌లో మందుల పరీక్షలకు తీసుకుపోయారని 2011లో బయటపడింది.

డబ్బు కూడా ఇవ్వకుండా, అడగకుండా జరిగింది ఖమ్మం జిల్లాలో. 2009 జూలైలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేయించాయి. సుమారు 14 వేల మంది పిల్లలు. వాళ్ళలో చాలామంది ఆదివాసీ, దళిత, వెనుకబడిన కులాల ఇళ్ళవాళ్ళు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. కొందరు బాలికలు చనిపోవడంతో, మహిళా ఆరోగ్య సంఘాలు నిలదీయడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ పని ఆపించింది. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ సంఘం అన్నది. ఆ టీకా ఈనాడు ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది. కాబట్టి మా తగువు టీకాతో కాదు, సంతకంతో.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. అమ్మానాయనల జాగాలో వార్డెన్! ఊళ్ళో కూలికి పోయిన తల్లికి తన బిడ్డ చేతికి సూది వేశారన్న సంగతే తెలియదు. పైగా ఇది ప్రయోగం కాదు, 'ప్రదర్శన ప్రాజెక్టు' అన్నారు. పేరు మారిస్తే ప్రయోగానికి ఉండే నిబంధనలు అడ్డు రావు కదా!

ఇంత తెలిశాక "వొద్దు చిన్నమ్మా" అనడం తేలిక. మేమూ మొదట అదే అనబోయాం. కానీ చరిత్రకు రెండో వైపు కూడా ఉంది.

చర్మ లూపస్‌కు ఇప్పటికీ ఎక్కువగా వాడేది హైడ్రాక్సీక్లోరోక్విన్. మలేరియా మందుల కుటుంబానికి చెందిన బిళ్ళ. 1955లో అమెరికాలో అనుమతి పొందింది. అది పనిచేయనివాళ్ళకు కొత్త మందులు కావాలి, అవి ప్రయోగాలు లేకుండా రావు. ఆ ప్రయోగాల్లో జబ్బు తగ్గిందో లేదో కొలవడానికి 2005లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వైద్యులు ఒక కొలమానం తయారుచేశారు. అందులో ముఖ్యమైనది చర్మం ఎంత ఎర్రబడింది అన్న లెక్క. తెల్ల తోలు మీద ఎరుపు కనిపిస్తుంది. మా చిన్నమ్మ తోలు మీద అది నలుపుగానో ఊదాగానో కనిపిస్తుంది, లేదా కనిపించనే కనిపించదు. అమెరికాలో లూపస్ నల్లజాతి స్త్రీలకు ఎక్కువ, ప్రయోగాల్లో వాళ్ళ సంఖ్య మాత్రం తక్కువ. నల్ల తోలు ప్రయోగంలో లేకపోతే, వచ్చే మందు నల్ల తోలుకు ఎలా పనిచేస్తుందో ఎవరికి తెలుస్తుంది?

అంటే మనల్ని రెండు రకాలుగా మోసం చేశారు. అడగకుండా వాడుకున్నారు. అడగాల్సినచోట వదిలేశారు. కాబట్టి మనం కోరాల్సింది ప్రయోగాలు వద్దని కాదు, మన ఒంటి మీద మాట మనదై ఉండాలని.

ఈ మాటకు ఇప్పుడు చట్టంలో కొంత చోటుంది. ఇండోర్‌లో పుట్టిన స్వాస్థ్య అధికార్ మంచ్ సుప్రీంకోర్టు దాకా పోయి కొట్లాడింది. ఆ ఒత్తిడి వల్లనే 2013లో నష్టపరిహారం నిబంధనలు, సమ్మతి తీసుకునేటప్పుడు వీడియో తీయాలన్న ఆదేశం వచ్చాయి. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువు రాని మనిషి అయితే ఏ పక్షానికీ చెందని సాక్షి మొదటినుంచి చివరిదాకా పక్కన ఉండాలి. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, పరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నందుకు మామూలు వైద్యం ఆపకూడదు.

అందుకే మేం చేరమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. కాగితాల కట్టను మూడు సాయంత్రాలు కూర్చుని చదివి వినిపించాం. ఆమె అడగాల్సినవి రాసిచ్చాం. ఈ ప్రయోగం దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదయిందా? నాకు దక్కేది మందా, మందు లేని ఉత్తుత్తి బిళ్ళా? ఇప్పుడు మింగే బిళ్ళ ఆపుతారా? నల్ల తోలు మీద మచ్చను ఎట్లా కొలుస్తారు? హాని జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి? ప్రయోగం అయిపోయాక మందు ఇస్తారా? మా పక్కన కూర్చునే సాక్షి ఎవరు?

పల్లెల్లో పనిచేసే కార్యకర్తలు, టీచర్లు, విద్యార్థులు ఈ సాక్షి పని నేర్చుకోవాలని మా విన్నపం. ఖమ్మంలో ఆ జాగా ఖాళీగా ఉంది కాబట్టే వార్డెన్ సంతకం చేశాడు.

చిన్నమ్మ అన్నీ విని, కాసేపు ఆగి అన్నది: "అన్నీ బాగానే రాసినావు. ఎండలోకి పోవద్దంటన్నారే, ఆ కూలి ఎవురిస్తారో గూడా రాయి నాయినా."

అది ఏ సమ్మతి పత్రంలోనూ లేదు. మా కాగితంలోనూ లేదు. మొదటి ప్రశ్నగా చేర్చాం.