దొంగ చిక్కదనం (సబ్బు తయారీ)

ఇంటిలో పొయ్యి వాడని చల్లని పద్ధతిలో సబ్బు చేయునపుడు, నూనె, కాస్టిక్ సోడా ద్రావణం సరిగా కలియకమునుపే మిశ్రమం చిక్కబడినట్లు కనబడుటను దొంగ చిక్కదనం అనవచ్చును. ఆంగ్లమున దీనిని ఫాల్స్ ట్రేస్ అందురు. దీనికి కారణం రసాయన చర్య కాదు, చల్లదనం. కొబ్బరినూనె సుమారు 25 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన పేరుకొనును. కోకో వెన్న అంతకంటె ఎక్కువ వేడిమి వద్దనే గట్టిపడును. ఈ ముద్దను నమ్మి అచ్చులో పోసినచో నూనె విడిపోయి, క్షారం అక్కడక్కడ మిగిలిపోవచ్చును. అట్టి సబ్బు చర్మమును కాల్చును.

అనుమానం కలిగినపుడు పాత్రను నెమ్మదిగా 40-45 డిగ్రీలకు వెచ్చచేసి చూడవలెను. చిక్కదనం దొంగదైనచో మిశ్రమం మరల పలచబడును. అపుడు నూనె చారలు కనబడనంతవరకు కలుపవలెను. లవంగనూనె వేసిన వెంటనే బిగుసుకొనుట వేరు, అక్కడ చర్య నిజముగనే వేగిరపడును. అల్యూమినియం గిన్నె మాత్రం ఎన్నడును వాడరాదు. కాస్టిక్ సోడా దానిని తినివేసి, మండే గుణముగల హైడ్రోజన్ వాయువును వెలువరించును.